రాత్రి పట్టుబడి ఏ తేదీ లెక్క? నెల్లూరు రొయ్యల డేటాకు ఇండెక్సర్ పెట్టిన కేస్ స్టడీ

నాకు ఫోన్ వచ్చేసరికే విషయం గొడవ దాకా వెళ్లింది. నెల్లూరు జిల్లాలో రైతుల దగ్గర రొయ్యలు కొని, శుద్ధి చేసి, ఎగుమతి చేసే కంపెనీ అది. పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల డాష్‌బోర్డ్‌లో 13వ తేదీ పట్టుబడి, అంటే గుంటల్లో పట్టిన రొయ్యలు, 6 టన్నులని ఉంది. ప్లాంట్ రిజిస్టర్ తీస్తే ఆ రోజు ఒక్క లారీ కూడా దిగలేదు. 14వ తేదీకి రిజిస్టర్‌లో 9 టన్నులు, డాష్‌బోర్డ్‌లో మూడే. "బ్లాక్‌చెయిన్‌లో పెడితే లెక్క తప్పదన్నారు కదా, మరి ఇదేంది?" అని ప్లాంట్ మేనేజర్ గారు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నేను నెల్లూరులోనే ఉంటూ చిన్న కంపెనీలకు డేటా పనులు చేసిపెడుతుంటాను. బ్లాక్‌చెయిన్ నా రోజువారీ పని కాదు. కాకపోతే స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) డేటాను ఇండెక్స్ చేసే సబ్‌గ్రాఫ్‌లను తయారుచేసి సర్వర్‌కు ఎక్కించే గ్రాఫ్ సీఎల్‌ఐ అనే కమాండ్ లైన్ టూల్‌ను అంతకుముందు రెండుసార్లు వాడి ఉన్నాను. దాన్ని ఇన్‌స్టాల్ చేసి నడిపించడం ఒక పూట పని. ఈ పనికి మాత్రం మూడు వారాలు పట్టింది. మిగతా రోజులన్నీ ఎక్కడ పోయాయో చెబితే, ఇలాంటి పని నెత్తినేసుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

గుంట గట్టు మీద నుంచి చెయిన్ దాకా

ఇందుకూరుపేట మండలంలో మైపాడు, గంగపట్నం వైపు వెళ్తే ఎటు చూసినా రొయ్యల గుంటలే. ఇప్పుడు వేసేది ఎక్కువగా వెనామీ రకం. పట్టుబడి రోజున కంపెనీ ఫీల్డ్ సూపర్‌వైజర్ గట్టు మీద నిలబడి, కాటా వేసిన ప్రతి లోడుకూ గుంట కోడ్, కిలోలు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) ఫోన్ యాప్‌లో కొడతాడు. కంపెనీ సర్వర్ దాన్ని పాలిగాన్ అనే పబ్లిక్ బ్లాక్‌చెయిన్ మీద ఉన్న కాంట్రాక్ట్‌లో రాస్తుంది. పట్టుబడికి ముందు చేయించిన యాంటీబయాటిక్ పరీక్ష సర్టిఫికెట్ హ్యాష్ (దాని నుంచి లెక్కకట్టిన, వేలిముద్ర లాంటి కోడ్) కూడా అక్కడే పడుతుంది. ప్లాంట్‌లో ప్యాకింగ్ అయ్యాక ఏ లాట్‌లో (ఒకే నంబర్‌తో ప్యాక్ చేసిన సరుకు) ఏ పట్టుబడులు కలిశాయో మరో ఎంట్రీ. మొత్తం నాలుగు రకాల ఈవెంట్లు, అంటే కాంట్రాక్ట్ చెయిన్‌లో రాసే ఎంట్రీలు: గుంట నమోదు, పరీక్ష, పట్టుబడి, లాట్.

ఇదంతా ఎందుకంటే కొనేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల ఆనవాళ్లు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. మన దేశపు సాగు రొయ్యల సరుకుల్లో పరీక్షించే వాటా అంతకుముందు 10 శాతం ఉంటే, 2016లో యూరోపియన్ యూనియన్ దాన్ని 50 శాతానికి పెంచింది. అమెరికా దిగుమతుల నిఘా పథకంలోకి 2018 డిసెంబర్ 31 నుంచి రొయ్య కూడా వచ్చింది. ఆ తర్వాత 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరాక, ఈ కంపెనీ యూరప్ బయ్యర్ల కోసం గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. వాళ్లలో ఒకరు "లాట్ నంబర్ కొడితే గుంట దాకా కనబడాలి" అని షరతు పెట్టారు.

దీనికి బ్లాక్‌చెయిన్ అవసరమా అంటే, నా ఉద్దేశంలో మామూలు డేటాబేస్ చాలు. ఆ మాట మొదటి మీటింగ్‌లోనే అన్నాను. కాంట్రాక్ట్ అప్పటికే ఏడాదికి పైగా నడుస్తోంది, బయ్యర్‌కు అదే చూపించారు, వెనక్కి పోవడం కుదరదన్నారు. సరే అనుకున్నాను.

అసలు ఇండెక్సర్ ఎందుకో తెలియనివాళ్లకు నేను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఉదాహరణ చెబుతాను. దస్తావేజులన్నీ వచ్చిన వరుసలో పుస్తకంలోకి ఎక్కుతాయి. ఒక సర్వే నంబర్ మీద ఈసీ కావాలంటే పుస్తకం మొదటి పేజీ నుంచి ఎవరూ తిరగెయ్యరు. పేర్ల ఇండెక్స్ వేరు, ఆస్తుల ఇండెక్స్ వేరు ఉంటాయి కాబట్టి పని జరుగుతుంది. చెయిన్ అంటే ఆ వరుస పుస్తకం ఒక్కటే. ఈవెంట్లు బ్లాకుల్లో లాగ్‌లుగా పడి ఉంటాయి. "ఈ లాట్‌లో ఏ గుంటలున్నాయి?" అని అడిగితే చెయిన్ దగ్గర జవాబు లేదు. ఆ ఇండెక్స్ మనం కట్టుకోవాలి.

వాళ్ల పాత డెవలపర్ దీనికోసం ఒక స్క్రిప్ట్ రాసి పెట్టాడు. పది నిమిషాలకోసారి లేస్తుంది, కొత్త బ్లాకుల లాగ్‌లు తెచ్చుకుంటుంది, షీట్‌లో రాస్తుంది. ఆలోచన తప్పు కాదు. ఒకటే కాంట్రాక్ట్, రోజుకు పదుల ఈవెంట్లు ఉన్న చోట జాగ్రత్తగా రాసిన స్క్రిప్ట్ చాలు. కానీ ఇది జాగ్రత్తగా రాసింది కాదు. చెయిన్ డేటా ఇచ్చే సర్వర్ (ఆర్‌పీసీ) ఎర్రర్ ఇచ్చినా "ఇక్కడిదాకా చదివాను" అని బ్లాక్ నంబర్ ముందుకు జరిపేసేది. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఆ ముక్క గల్లంతే. దాన్ని బాగుచేయడం కన్నా, ఆగిపోతే ఆగిన చోటి నుంచి ఎత్తుకునేది, చెయిన్ వెనక్కి తిరిగితే తానూ వెనక్కి తిరిగేది పెట్టడం మేలనిపించింది. పాలిగాన్‌లో ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2023 ఫిబ్రవరిలో ఒకసారి 157 బ్లాకులు చెరిగి కొత్తవి వచ్చాయి. అప్పుడు ఆ పాత స్క్రిప్ట్ ఉండి ఉంటే లేని పట్టుబడులు షీట్‌లో అలాగే మిగిలిపోయేవి.

ఇన్‌స్టాల్: ఒక పూట పని, కొన్ని గుంతలు

ఇప్పటికీ చాలా ట్యుటోరియల్స్‌లో ద గ్రాఫ్ వాళ్ల హోస్టెడ్ సర్వీస్‌కు డిప్లాయ్ చేయమని ఉంటుంది. ఆ సర్వీస్ 2024 జూన్‌లోనే మూతపడింది. ఇప్పుడున్న దారులు రెండు: సబ్‌గ్రాఫ్ స్టూడియో ద్వారా వాళ్ల నెట్‌వర్క్‌కు పంపడం, లేదా సబ్‌గ్రాఫ్‌ను నడిపే గ్రాఫ్ నోడ్‌ను మన సర్వర్‌లోనే పెట్టుకోవడం. మొదటిదే సులభమని నేను చెప్పాను. కంపెనీ అకౌంటెంట్ గారు "జీఆర్‌టీ అంటే ఏంటి?" అని అడిగారు. ఆ నెట్‌వర్క్‌లో క్వెరీలకు కట్టే క్రిప్టో టోకెన్ అన్నాను. 2022 జూలై నుంచి క్రిప్టో మీద ఉన్న 1 శాతం టీడీఎస్ గురించి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. కార్డుతో కట్టే మార్గమూ ఉందని చెప్పేలోపే ఫైల్ మూసేశారు. కాబట్టి సొంత సర్వర్.

సర్వర్‌లో ఉబుంటు 22.04 ఉంది. ఆప్ట్‌తో నోడ్ జేఎస్ వేస్తే అందులో వచ్చేది వెర్షన్ 12. గ్రాఫ్ సీఎల్‌ఐ ఇప్పటి వెర్షన్లకు 20 కావాలి. నోడ్ వెర్షన్లు మార్చుకోనిచ్చే ఎన్‌వీఎం పెట్టి 20 వేసుకుని, దాని మీద ఎన్‌పీఎంతో గ్లోబల్‌గా సీఎల్‌ఐని ఇన్‌స్టాల్ చేశాను. ఎన్‌వీఎం వల్ల ఇంకో లాభం ఉంది: సుడో పెట్టనక్కర్లేదు. పర్మిషన్ ఎర్రర్ రాగానే ముందు సుడో కొట్టేవాళ్లను చూస్తుంటాను, తర్వాత ఆ ఫోల్డర్లన్నీ రూట్ పేరు మీదకు పోయి ఇంకో వారం ఏడుస్తారు.

గ్రాఫ్ ఇనిట్ కొట్టగానే వరుసగా ప్రశ్నలడుగుతుంది. ఏ నెట్‌వర్క్, కాంట్రాక్ట్ అడ్రస్ ఏది, ఏ బ్లాక్ నుంచి మొదలుపెట్టాలి, కాంట్రాక్ట్ పేరేంటి. అడ్రస్ ఇస్తే ఏబీఐని (కాంట్రాక్ట్‌లోని ఫంక్షన్లు, ఈవెంట్ల జాబితా) ఎక్స్‌ప్లోరర్ (చెయిన్‌ను బ్రౌజర్‌లో చూసే సైట్) నుంచి తనే తెచ్చుకుంటుంది. తెచ్చుకుంది కూడా. ప్రాజెక్ట్ తయారయ్యాక స్కీమా (ఏ డేటా దాచాలో చెప్పే) ఫైల్ తెరిచి చూస్తే పట్టుబడి లేదు, లాట్ లేదు. "అప్‌గ్రేడెడ్", "అడ్మిన్ చేంజ్డ్" అని రెండే రెండు ఈవెంట్లు. నేనిచ్చిన అడ్రస్ ప్రాక్సీది, అంటే ముందు నిలబడి పిలుపులను వెనక్కి దాటించే కాంట్రాక్ట్‌ది. అది తెచ్చిన ఏబీఐ కూడా ప్రాక్సీదే. అసలు లాజిక్ వెనకాల ఇంకో కాంట్రాక్ట్‌లో ఉంది. ఇలాంటప్పుడు లాజిక్ కాంట్రాక్ట్ ఏబీఐ ఫైల్ తెచ్చి ప్రాజెక్ట్‌లో పెట్టాలి, అడ్రస్ మాత్రం ప్రాక్సీదే ఉంచాలి. ఎందుకంటే ఈవెంట్లు బయటికొచ్చేది ప్రాక్సీ అడ్రస్ మీదనే. రెండూ మార్చేసిన వాళ్లకు సబ్‌గ్రాఫ్ చక్కగా సింక్ అవుతుంది, లోపల ఒక్క వరుసా ఉండదు. ఎర్రర్ కూడా రాదు.

నెట్‌వర్క్ పేరు ఇంకో చిక్కు. సబ్‌గ్రాఫ్ సెట్టింగ్‌లు రాసే ఫైల్ మేనిఫెస్ట్. అందులో పాలిగాన్ మెయిన్‌నెట్‌ను ఇప్పటికీ పాత పేరుతో "మ్యాటిక్" అనే రాయాలి. నేను డాకర్ ఫైల్‌లో ఆర్‌పీసీ లింక్ ముందు "పాలిగాన్" అని రాశాను, మేనిఫెస్ట్‌లో "మ్యాటిక్" అని ఉంది. డిప్లాయ్ చేయగానే ఆ పేరుతో నెట్‌వర్కే లేదని తిరగ్గొట్టింది. రెండు చోట్లా ఒకే పేరు ఉండాలి, అంతే. అరగంట పోయింది.

స్టార్ట్ బ్లాక్ తప్పకుండా ఇవ్వండి. ఈ కాంట్రాక్ట్ పెట్టింది 2024లో. అప్పటికే పాలిగాన్ బ్లాక్ నంబర్ 5 కోట్లు దాటింది. సున్నా నుంచి మొదలుపెడితే ఏమీ లేని 5 కోట్ల బ్లాకులు తవ్వుకుంటూ కూర్చుంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో కాంట్రాక్ట్ సృష్టించిన లావాదేవీ తెరిస్తే ఆ నంబర్ దొరుకుతుంది. ప్రాక్సీ పుట్టిన బ్లాకే ఇవ్వాలి. ఈమధ్య అప్‌గ్రేడ్ చేసిన లాజిక్ కాంట్రాక్ట్‌ది ఇస్తే అంతకుముందు చరిత్ర మొత్తం పోతుంది.

గ్రాఫ్ నోడ్ ఒంటరిగా నడవదు. పక్కన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఫైళ్లు దాచే ఐపీఎఫ్ఎస్ ఉండాలి. మూడింటినీ డాకర్ కంపోజ్‌తో లేపాను. సర్వర్‌లో అప్పటికే పోస్ట్‌గ్రెస్ ఉందిగదా, దాన్నే వాడదామని ఆశపడ్డాను. డేటాబేస్ సి లొకేల్‌లో (అక్షరాల వరుస ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్) లేదని గ్రాఫ్ నోడ్ లేవనంది. లొకేల్ డేటాబేస్ సృష్టించేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చలేం. విడిగా కొత్తది పెట్టుకోవడమే మంచిది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. క్వెరీలకు 8000 పోర్ట్, డిప్లాయ్ చేయడానికి 8020. ఆ 8020కి పాస్‌వర్డ్ గట్రా ఏమీ ఉండవు. దాన్ని బయటికి తెరిచి వదిలేస్తే దారిన పోయేవాడెవడైనా మీ సబ్‌గ్రాఫ్ తీసేయొచ్చు. నేను 8020ని సర్వర్ లోపలికే కట్టేసి, 8000 ముందు ఎన్‌జింక్స్ పెట్టాను. డాకర్ పోర్టులు ఉబుంటు ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని బయటపడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. కంపోజ్ ఫైల్‌లోనే లోకల్ అడ్రస్‌కు కట్టాలి.

తర్వాత గ్రాఫ్ కోడ్‌జెన్, గ్రాఫ్ బిల్డ్, గ్రాఫ్ క్రియేట్, గ్రాఫ్ డిప్లాయ్. సాయంత్రానికి సింక్ మొదలైంది, పావుగంటలో ఆగింది. నేను పెట్టింది ఉచిత పబ్లిక్ ఆర్‌పీసీ. ఒకేసారి ఇన్ని బ్లాకుల లాగ్‌లు అడగొద్దని ఒకసారి, ఇన్నిసార్లు అడగొద్దని ఒకసారి తిప్పికొట్టింది. ఒక్కో రిక్వెస్ట్‌కు గరిష్ఠంగా ఎన్ని బ్లాకులు అడగాలో చెప్పే సెట్టింగ్ గ్రాఫ్ నోడ్‌లో ఉంది, తగ్గించాను. నడిచింది గానీ నత్తనడక. చివరికి డబ్బు కట్టే ఆర్‌పీసీ తీసుకున్నాం.

మ్యాపింగ్‌లో (ఈవెంట్లను చదివి డేటాబేస్‌లో రాసే కోడ్) నేను రాసిన ఒక కాంట్రాక్ట్ కాల్ కూడా ఇబ్బంది పెట్టింది. ప్రతి పట్టుబడి దగ్గర కాంట్రాక్ట్‌ను రైతు ఐడీ అడుగుతున్నాను. పాత బ్లాక్ నాటి స్థితి అడగాలంటే ఆర్కైవ్ నోడ్ కావాలి, మా ప్లాన్‌లో అది లేదు. రైతు ఐడీ గుంట నమోదు ఈవెంట్‌లోనే ఉంది కదా అని గుర్తొచ్చి ఆ కాల్ పీకేశాను. వేగం కూడా పెరిగింది. ఈవెంట్‌లో దొరికే దాన్ని కాంట్రాక్ట్‌ను మళ్లీ అడగకండి. తప్పక అడగాల్సి వస్తే ట్రై అనే ముందుమాట ఉన్న ఫంక్షన్ వాడండి. మ్యాపింగ్ రాసేది అసెంబ్లీస్క్రిప్ట్‌లో. చూడ్డానికి టైప్‌స్క్రిప్ట్ లాగే ఉంటుంది గానీ అందులో ట్రై-క్యాచ్ లేదు, క్లోజర్లు లేవు. మామూలు కాల్ ఒక్కటి రివర్ట్ అయినా సబ్‌గ్రాఫ్ మొత్తం ఫెయిల్ అని ఆగిపోతుంది.

రెండో రోజు రాత్రికి పూర్తి సింక్ అయింది.

పేరు లేని గుంటలు

క్వెరీ కొట్టి చూశాను. పట్టుబడులన్నీ వచ్చాయి. కిలోలు ఉన్నాయి, కౌంట్ ఉంది. గుంట కోడ్ ఉండాల్సిన చోట మాత్రం 64 అక్షరాల హ్యాష్.

కాంట్రాక్ట్ రాసినవాళ్లు పట్టుబడి ఈవెంట్‌లో గుంట కోడ్‌ను "స్ట్రింగ్ ఇండెక్స్‌డ్" అని పెట్టారు. ఇండెక్స్‌డ్ అంటే వెతకడానికి వీలుగా ఉంటుందని అనుకుని ఉంటారు. నంబర్‌కో అడ్రస్‌కో అయితే అది నిజమే. స్ట్రింగ్‌కు ఇండెక్స్‌డ్ పెడితే లాగ్‌లోకి ఎక్కేది ఆ స్ట్రింగ్ కాదు, దాని కెచాక్ 256 హ్యాష్. అసలు అక్షరాలు లాగ్‌లో ఎక్కడా ఉండవు. హ్యాష్ నుంచి వెనక్కి రావడం కుదరదు.

అదృష్టం ఏంటంటే గుంట నమోదు ఈవెంట్‌లో అదే కోడ్ ఇండెక్స్‌డ్ లేకుండా మామూలు స్ట్రింగ్‌గా ఉంది. కాబట్టి నమోదు జరిగినప్పుడు ఆ కోడ్‌కు మ్యాపింగ్‌లోనే కెచాక్ తీసి, దాన్నే గుంట ఐడీగా పెట్టాను. పట్టుబడి ఈవెంట్ మోసుకొచ్చే హ్యాష్ కూడా అదే కదా. వెతుకులాట లేకుండా రెండూ వాటంతటవే కలుస్తాయి. కొద్దిసేపు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మళ్లీ సింక్ అయ్యాక చూస్తే చాలావరకు కలిశాయి. కొన్ని మాత్రం ఏ గుంటకూ చెందకుండా మిగిలాయి. వాటిలో ఒకే హ్యాష్ పదే పదే వస్తోంది. అంటే ఎవరో ఒకే గుంటకు ఒకే తప్పు కోడ్ ప్రతిసారీ కొడుతున్నారు.

ఆ తప్పేంటో చూడాలంటే లావాదేవీ ఇన్‌పుట్‌లోకి వెళ్లాలి. సర్వర్ వాలెట్ కాంట్రాక్ట్‌ను నేరుగా పిలుస్తుంది కాబట్టి గుంట కోడ్ అసలు అక్షరాలు ఆ ఇన్‌పుట్‌లో ఉంటాయి. మధ్యలో మన బదులు లావాదేవీ పంపే రిలేయర్ ఉంటే ఈ దారి ఇంత సూటిగా ఉండదు. ఇన్‌పుట్‌లో మొదటి 4 బైట్లు ఫంక్షన్ గుర్తు, వాటిని కోసేయాలి. లోపల స్ట్రింగ్ ఉంది కాబట్టి మిగిలిన దాని ముందు 32 అనే విలువ ఉన్న 32 బైట్ల ముక్క అతికించాలి. అప్పుడే ఎథీరియం డీకోడ్ ఫంక్షన్ దాన్ని చదవగలదు. ఈ అతుకు సంగతి తెలియక డీకోడ్ ఎందుకు ఖాళీగా వస్తుందా అని నేనొక పూటంతా తల పట్టుకున్నాను.

డీకోడ్ అయింది. కోడ్ చూడ్డానికి సరిగ్గానే ఉంది. నమోదైన కోడ్‌ను పక్కన పెట్టి పోల్చాను, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. పొడవులు ప్రింట్ చేస్తే ఒకటి 6, ఇంకోటి 7. చివర ఒక స్పేస్.

మర్నాడు బండేసుకుని గుంట దగ్గరికే వెళ్లాను. సూపర్‌వైజర్ యాభై దాటిన మనిషి. ఫోన్ తీసి చూపించమన్నాను. కోడ్‌లో మొదటి రెండక్షరాలు కొట్టగానే కీబోర్డ్ పైన మొత్తం కోడ్ సలహాగా వస్తుంది. ఆయన దాని మీద నొక్కుతాడు. సలహా మీద నొక్కితే కీబోర్డ్ పదం చివర స్పేస్ తనే పెడుతుంది. యాప్‌లో దాన్ని తీసేసే కోడ్ లేదు. తడి చేతులతో, తలకు టార్చ్ కట్టుకుని, అర్ధరాత్రి కాటా పక్కన నిలబడి కొట్టే మనిషిని స్పేస్ చూసుకోమని ఎలా చెబుతాం? "ఖాళీకి కూడా లెక్కుందా అబ్బయ్యా!" అని నవ్వాడు. హ్యాష్‌కు ఉంది. ఒక్క స్పేస్‌తో ఫలితం మొత్తం మారిపోతుంది.

మ్యాపింగ్‌లో మార్పు చేశాను. హ్యాష్‌కు గుంట దొరక్కపోతే ఇన్‌పుట్ డీకోడ్ చేసి, చివరల ఖాళీలు తీసి, పెద్దక్షరాలు చేసి, మళ్లీ కెచాక్ తీసి వెతుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే "తెలియని గుంట" అని రాస్తుంది. ఊహించి ఎక్కడో ఒకచోట కలపడం మాత్రం చేయదు. ఆ విషయంలో నేను మెత్తబడలేదు.

0, 19800, 63000

ఇప్పుడు మొదటి గొడవకు వద్దాం. రోజువారీ మొత్తాల కోసం నేను అందరూ రాసేదే రాశాను: బ్లాక్ టైమ్‌స్టాంప్‌ను 86400తో భాగించు, వచ్చిన పూర్ణసంఖ్యే రోజు. క్వెరీ కొడితే 13వ తేదీకి 6 టన్నులు, 14కు 3. పాత డాష్‌బోర్డ్ తప్పే నా కొత్త సిస్టమ్‌లోనూ తు.చ. తప్పకుండా వచ్చింది.

కారణం వెంటనే తట్టింది. బ్లాక్ టైమ్‌స్టాంప్ యూటీసీ. యూటీసీలో రోజు మారేది మనకు ఉదయం 5:30కి. రొయ్యలు పట్టేదేమో చల్లపూట, రాత్రిపూట. 14 తెల్లవారుజామున 3 గంటలకు పడిన ఎంట్రీ యూటీసీ లెక్కలో ఇంకా 13నే. మామూలు షాపు అమ్మకాల డేటా అయితే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు, ఉదయం ఐదున్నర లోపు ఎవరు కొంటారు గనక? రొయ్యల దగ్గర వ్యాపారమంతా ఆ వేళలోనే.

19800 కలిపాను. ఐదున్నర గంటలు సెకన్లలో అంతే. మళ్లీ సింక్. ఈసారి 13న 2 టన్నులు, 14న 7. రిజిస్టర్‌లో 14న 9.

అసలు ఇక్కడే నాకు చిరాకేసింది. టైమ్ జోన్ సరిచేశాను, ఇంకేం కావాలి? రిజిస్టరే తప్పు రాసి ఉంటారని మేనేజర్ గారితో అనబోయి, నోటి దాకా వచ్చిన మాట ఆపుకున్నాను. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ 13 రాత్రి పట్టుబడి ఎన్నింటికి మొదలెట్టారు?"

"పదికి దిగాం. అయ్యేసరికి తెల్లారింది."

"మరి పదికి కాటా వేసింది 13 లెక్కా, 14 లెక్కా?"

"రాత్రి పన్నెండు దాటితే పట్టుబడి మారతాదా యాడన్నా? అంతా ఒకటే. లారీ ప్లాంట్‌లో దిగిందే తేదీ."

కంపెనీలో ఒక పట్టుబడి అంటే ఒక రాత్రి. దానికి తేదీ తెల్లవారినది. అర్ధరాత్రి అన్నది వాళ్ల పనిలో హద్దే కాదు. మరి వాళ్ల రోజుకు హద్దు ఎక్కడ? అందరినీ అడిగాను: కాటా వేసేవాళ్లను, లారీ డ్రైవర్‌ను, ప్లాంట్‌లో దింపించుకునే వాళ్లను. మధ్యాహ్నం పన్నెండుకు దగ్గర్లో ఏ పట్టుబడీ జరగదని తేలింది. ఇంకో సంగతీ తెలిసింది. సముద్రం వైపు కొన్ని గుంటల దగ్గర సిగ్నల్ ఉండదు. యాప్ ఎంట్రీలను దాచుకుని, లారీ మెయిన్ రోడ్డెక్కాక పంపుతుంది. అంటే బ్లాక్ టైమ్‌స్టాంప్ చెప్పేది పట్టిన వేళ కాదు, చెయిన్‌కు చేరిన వేళ. ఆ ఆలస్యంతో కలిపి చూసినా పొద్దెక్కేసరికి దాదాపు అన్నీ చేరిపోతాయి.

కాబట్టి రోజును మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి కోశాను. ఐదున్నర గంటలకు ఇంకో 12 గంటలు కలిపితే 63000 సెకన్లు. 13 రాత్రి పదికి పడింది 14లోకి వస్తుంది, 14 తెల్లవారుజామున నాలుగుకు పడిందీ 14లోనే ఉంటుంది. సింక్ అయ్యాక 13న సున్నా, 14న 9 టన్నులు. మేనేజర్ గారు రిజిస్టర్‌లో వేలు పెట్టి ఒక్కో రోజూ పోల్చుకున్నారు. నెల మొత్తం మీద రెండు రోజులు తేడా వచ్చాయి. ఒకటి ఫోన్ చెడిపోయి సాయంత్రానికి అప్‌లోడ్ అయిన ఎంట్రీ. రెండోది రిజిస్టర్‌లోనే తప్పు.

స్కీమాలో ఆ ఎంటిటీకి మొదట "డైలీ హార్వెస్ట్" అని పేరు పెట్టాను. తర్వాత "హార్వెస్ట్ నైట్" అని మార్చాను. ఆ 63000 ఎందుకో మ్యాపింగ్‌లో నాలుగు వరుసల కామెంట్ రాశాను, లేకపోతే నా తర్వాత వచ్చే డెవలపర్ అది తప్పనుకుని 19800 చేసేస్తాడు.

కౌంట్ గురించి చిన్న మాట

రొయ్యల్లో కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. కాంట్రాక్ట్ రాసినవాళ్లు ఈ ఊరివాళ్లు కాదు. ఈవెంట్‌లో కౌంట్ అనే నంబర్ ఉంది, కింద వివరణ ఏమీ లేదు. డాష్‌బోర్డ్ చేసినవాళ్లు దాన్ని ట్రేల సంఖ్య అనుకున్నారో ఏమో, రోజు మొత్తానికి కూడేశారు. "ఈ రోజు కౌంట్ 840" అని పెద్దక్షరాల్లో కనబడేది. అంత కౌంట్ రొయ్య ఉంటే వలలో నిలవదు.

సగటు కూడా ఊరికే తీయకూడదు. 40 కౌంట్‌వి 2000 కిలోలు, 70 కౌంట్‌వి 1000 కిలోలు ఉంటే సగటు 55 కాదు. మొదటిదాంట్లో 80,000 రొయ్యలు, రెండోదాంట్లో 70,000. మొత్తం 1,50,000 రొయ్యలు 3000 కిలోలకు, అంటే 50 కౌంట్. అందుకే స్కీమాలో కౌంట్ మొత్తం అన్న ఫీల్డే పెట్టలేదు. కిలోలు, రొయ్యల సంఖ్య రెండే పెట్టి, సగటును వాటి నుంచి తీశాను. రెండూ ఎంత పెద్ద సంఖ్యనైనా పట్టే బిగ్‌ఇంట్ రకం. మామూలు పూర్ణసంఖ్య రకం ఐ32లో పట్టేది 2,14,74,83,647 వరకే. తూకాన్ని గ్రాముల్లో రాసే కాంట్రాక్ట్‌లో అది 2147 టన్నులకే నిండిపోతుంది.

ఇప్పుడెలా ఉంది

లాట్ నంబర్ కొడితే పట్టుబడులు, వాటి గుంటలు, ఒక్కో గుంటకు పరీక్ష సర్టిఫికెట్ హ్యాష్ ఒకే క్వెరీలో వస్తున్నాయి. బయ్యర్ తరఫు మనిషి నాలుగైదు లాట్లు తనకు తోచినవి కొట్టి చూసుకున్నాడు. అందులో ఒకదానికి పరీక్ష తేదీ పట్టుబడి తర్వాత ఉంది. ఇండెక్సర్ తప్పని అందరూ నా వైపు చూశారు. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి చూపించాను, చెయిన్‌లో అలాగే ఉంది. సర్టిఫికెట్ ముందే వచ్చిందట, యాప్‌లో ఎక్కించడం మర్చిపోయి తర్వాత ఎక్కించారట. ఆ సంగతి వాళ్లూ వాళ్లూ తేల్చుకున్నారు.

కొత్తగా డిప్లాయ్ చేసిన ప్రతిసారీ మొదటి నుంచి సింక్ కావడానికి ఆరు గంటల దాకా పడుతోంది. కొత్త వెర్షన్ చివరి బ్లాక్‌కు చేరేదాకా పాతదాన్ని తీయడం లేదు. చిన్న మార్పులు పరీక్షించుకోవడానికి స్టార్ట్ బ్లాక్‌ను గత వారానికి జరిపిన ఇంకో మేనిఫెస్ట్ పక్కన పెట్టుకున్నాను. అది పది నిమిషాల్లో అయిపోతుంది. ముందే ఈ పని చేసి ఉంటే పైన చెప్పిన మూడు వారాల్లో కొన్ని రోజులు మిగిలేవి.

వచ్చే అప్‌గ్రేడ్‌లో గుంట కోడ్‌ను ఇండెక్స్‌డ్ లేకుండా పెడతామని కాంట్రాక్ట్ వాళ్లు ఒప్పుకున్నారు. దాంతో నా పని తగ్గదు. ఇండెక్స్‌డ్ మారితే మేనిఫెస్ట్‌లో ఆ ఈవెంట్ రాసే తీరు మారుతుంది, పాత లాగ్‌లు పాత తీరులోనే ఉంటాయి. కాబట్టి రెండు ఏబీఐలు, రెండు డేటా సోర్సులు, మారిన బ్లాక్ దగ్గర పాతది ఆగి కొత్తది మొదలవ్వాలి. యాప్‌లో చివరి స్పేస్ తీసేసే మార్పు మాత్రం ఇంకా రాలేదు. సూపర్‌వైజర్ ఇప్పుడు సలహా మీద నొక్కి, ఆ తర్వాత వెనక్కి ఒక అక్షరం కొడుతున్నాడు. మొన్నొక రాత్రి రెండుసార్లు కొట్టినట్టున్నాడు, "తెలియని గుంట" కింద ఐదు అక్షరాల కోడ్ ఒకటి పడి ఉంది.